పాత ట్రాక్టర్ స్టీరింగ్ గట్టిపడిందా? దుక్కి ముందు విప్పేవాళ్ళు ఇది చదివి విప్పండి

మొన్న తెలిసిన కుర్రాడొకడు పవర్ స్టీరింగ్ పైపు ఎక్కడ కారుతుందో చూద్దామని ఇంజన్ నడుస్తుండగానే హోస్ మీద చెయ్యేసి తడిమాడు. వేలి కొన మీద ముల్లు దిగినంత చుక్క పడింది, రక్తం కూడా సరిగా రాలేదు, తుడుచుకుని పని చేసుకున్నాడు. తెల్లారేసరికి చెయ్యంతా వాచిపోయింది, ఆఖరికి ఆ వేలు తీసేశారు.

ఆయిల్ లెవెల్, ముందు టైర్లలో గాలి చూడాలని ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు ఇరుసు జాకీతో లేపి, రెండు వైపులా స్టాండ్లు పెట్టి స్టీరింగ్ తిప్పండి. ఆ ఇరుసు మధ్య పిన్ను మీద ఊగుతుంది, ఒక పక్కే ఆనిస్తే బండి ఒరుగుతుంది. గాల్లో కూడా గట్టిగానే తిరిగితే వెంటనే స్టీరింగ్ పంపుదే తప్పనుకోకండి, ముందు కింగ్ పిన్నులు (ముందు చక్రాలు అటూ ఇటూ తిరిగే నిలువు పిన్నులు), జాయింట్లు గ్రీజు లేక పట్టేశాయేమో చూడండి. గాల్లో తేలిగ్గా తిరిగి నేల మీద గట్టిగా ఉంటే ప్రెజర్ చాలట్లేదని అనుమానించొచ్చు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక బరువైతే చాలాసార్లు పంపో, సిలిండర్ సీలో అరిగి ఉంటుంది, వేడికి ఆయిల్ పల్చబడి లోపల్లోపలే జారిపోతుంది. ఆయిల్ నురగ కడితే పంపుకి ఆయిల్ వెళ్ళే పైపు దగ్గర గాలి పీలుస్తోందేమో చూడండి.

బయటికి కారుతుంటే మాత్రం చేత్తో వెతకొద్దు. ఆ పైపులో ప్రెజర్ 100 బార్ దాటి ఉండొచ్చు, కంటికి కనపడని చిల్లు నుంచి వచ్చే ఆయిల్ సూదిలా చర్మంలోకి దూరిపోతుంది, గ్లౌజులున్నా ఆగదు. అట్టముక్క పెట్టి చూడండి, తడి దాని మీద పడుతుంది.

ఇంకా:
పైపు విప్పే ముందు ఇంజన్ ఆపి, స్టీరింగ్ అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పి ప్రెజర్ దించండి.
ప్రెజర్ గేజీ లేకుండా రిలీఫ్ వాల్వ్ (ప్రెజర్ హద్దు దాటకుండా ఆపే వాల్వ్) బిగించొద్దు, పాత హోస్ పగుల్తుంది.
స్టీరింగ్ చివరిదాకా తిప్పి అలాగే పట్టుకుని ఉండొద్దు, ఆయిల్ మాడుతుంది.
బ్రేక్ ఆయిల్ పొయ్యొద్దు.
ఇంజన్ ఆన్‌లో ఉండగా ముందు చక్రానికీ బాడీకీ మధ్య నిలబడొద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వొద్దు.
ఒట్టి జాకీ మీద నమ్మకంతో కిందికి దూరొద్దు.
"ఎలాగోలా తిరుగుతోందిగా" అని ట్రాలీ తగిలించి రోడ్డెక్కొద్దు.
మళ్ళీ చెప్తున్నా, కారుతున్న పైపు మీద వేలు పెట్టొద్దు, ఒక్క క్షణం కూడా.

పొరపాటున గుచ్చుకుంటే నొప్పి లేదని ఊరుకోకండి, మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. పసుపూ వద్దు, ఆయింట్‌మెంటూ వద్దు, నొక్కి ఆయిల్ బయటికి తీద్దామనీ చూడొద్దు. అప్పటికప్పుడే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెళ్ళి, ఆయిల్ ప్రెజర్‌తో లోపలికి దూరిందని గట్టిగా చెప్పండి, చిన్న గాయమేలే అని వాళ్ళు పంపేస్తున్నా కదలకండి. ఆ ఆయిల్ డబ్బా కూడా వెంట తీసుకెళ్ళండి, లోపలికి పోయింది ఏ ఆయిలో డాక్టర్‌కి తెలియాలి.