కెనడా పీఆర్ ఫండ్స్ లెటర్: బ్యాంకుకి వెళ్లే ముందు

కెనడాలో శాశ్వత నివాసానికి (పీఆర్) దరఖాస్తు పెట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఇన్విటేషన్ వచ్చాక అప్లికేషన్‌కి 60 రోజులే గడువు. అక్కడ స్థిరపడటానికి సరిపడా డబ్బు మీ దగ్గరుందని బ్యాంకు రాసిచ్చేదే ఫండ్స్ లెటర్. ఆ పని ఆఖరి వారానికి పెట్టుకుంటే టెన్షనే.

• బ్రాంచిలో అడగగానే చేతిలో పెట్టేది చాలాసార్లు ఆరోజు బ్యాలెన్స్ మాత్రమే ఉన్న సర్టిఫికెట్. అది సరిపోదు. లెటర్‌హెడ్ మీద బ్యాంకు చిరునామా, ఫోన్, ఈమెయిల్, మీ పేరు, ఖాతా నంబర్లు, ఒక్కో ఖాతా తెరిచిన తేదీ, ప్రస్తుత బ్యాలెన్స్, గత 6 నెలల సగటు, క్రెడిట్ కార్డు బాకీతో సహా మీ అప్పులు అన్నీ ఉండాలి. "మా ఫార్మాట్ ఇదేనండి" అంటారు. నమూనా ప్రింట్ తీసుకెళ్లి మేనేజర్‌తోనే మాట్లాడండి.

• బావమరిది దగ్గర చేబదులు తెచ్చి చూపిద్దామనుకోవద్దు, అప్పు సొమ్ము చెల్లదు. నాన్నగారు నిజంగానే ఇస్తే గిఫ్ట్ డీడ్, ఆయన స్టేట్‌మెంట్ జతచేయండి.

• ప్లాటు, ఇల్లు లెక్కలోకి రావు.

• ఎంత డబ్బు చూపాలో కుటుంబ సంఖ్యను బట్టి ఉంటుంది; భార్యాపిల్లలు ఇక్కడే ఉండిపోతున్నా ఆ సంఖ్యలో కలపాల్సిందే.

• కావాల్సిన మొత్తం కెనడా డాలర్లలో ఉంటుంది, ఏటా మారుతుంది. రూపాయి పడినా సరిపోయేలా కాస్త ఎక్కువే ఉంచి, వీసా వచ్చేదాకా కదపకండి.