శిక్షణ ఇచ్చినా వార్డులో మార్పు రావడం లేదా? ఇన్ఫెక్షన్ నివారణలో సమస్యలు - పరిష్కారాలు

విశాఖలో మహారాణిపేట, రామ్‌నగర్ నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ దాకా ఏ ఆసుపత్రికి వెళ్ళి అడిగినా ఇన్ఫెక్షన్ కంట్రోల్ శిక్షణ రిజిస్టరు తీసి చూపిస్తారు. సంతకాలు నిండుగా ఉంటాయి. అదే ఆసుపత్రి వార్డులో ఒక అరగంట నిలబడండి. ఒకే గ్లవ్స్‌తో ముగ్గురు పేషెంట్లను ముట్టుకునేవాళ్ళు, సూదికి మళ్ళీ మూత పెట్టేవాళ్ళు కనిపిస్తారు. అది చూసి యాజమాన్యం "ఇంకో క్లాసు పెట్టండి" అంటుంది.

క్లాసు పెట్టే ముందు తప్పు జరుగుతున్న చోటికి వెళ్ళి కాసేపు చూడమని నా మనవి. ఇన్నేళ్ళుగా సిస్టర్లకు, ఆయాలకు, వార్డు బాయ్‌లకు ఈ శిక్షణ ఇస్తూ గమనించింది ఇదే. చాలామందికి ఏం చేయాలో తెలుసు. చేయడానికి వీలు లేకుండా ఏదో అడ్డుపడుతూ ఉంటుంది. ఆ అడ్డు ఏమిటో పట్టుకోవడానికి ఈ వివరాలు.

ఎవరైనా చూస్తున్నప్పుడే చేతులు శుభ్రం చేసుకుంటున్నారు

ముందు స్టోర్ రిజిస్టరు తీయండి. చేతులకు ఒకసారి సరిగ్గా రాసుకోవాలంటే సుమారు 3 మిల్లీలీటర్ల హ్యాండ్ రబ్ (ఆల్కహాల్ శానిటైజర్) కావాలి. 500 మిల్లీలీటర్ల సీసా సుమారు 160 సార్లకు వస్తుంది. 20 పడకల వార్డులో ఆ సీసా పది రోజులు వచ్చిందంటే వార్డు మొత్తం మీద రోజుకు పదహారు సార్లు వాడారన్నమాట. పేషెంటుకు ఒక్కసారి కూడా కాదు. ఆడిట్ కాగితంలో 90 శాతం అని రాసి ఉన్నా ఈ లెక్కనే నమ్మండి.

కారణం చాలావరకు దూరం. సీసా నర్సింగ్ స్టేషన్ బల్ల మీద ఉంటుంది, పేషెంటు పన్నెండో మంచం మీద ఉంటాడు. రాత్రి డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు పాతికమందిని చూస్తున్నప్పుడు ప్రతిసారీ అంత దూరం నడవమనడం న్యాయం కాదు. ప్రతి మంచానికీ, లేదంటే కనీసం రెండు మంచాలకు ఒకటి చొప్పున, చేయి చాపితే అందేలా సీసా తగిలించండి. ఇంజెక్షన్ ట్రాలీ మీద ఇంకొకటి పెట్టండి.

రెండో కారణాన్ని ఎవరూ పైకి చెప్పరు. ఒక ఆయా నాకు చేతులు చూపించి "సేతులు మండిపోతన్నాయి మేడమ్, ఇంటికెళ్ళి కారం కలపలేకపోతన్నాను" అంది. ఆ చేతులు చూశాక ఆమెకు చేతులు రుద్దే ఆరు స్టెప్పులు మళ్ళీ నేర్పడంలో అర్థం లేదనిపించింది. సబ్బుతో కడిగి, తడి ఆరకుండానే మీద శానిటైజర్ రాసి, ఆ తడి మీదే గ్లవ్స్ వేసుకునేది. విశాఖ ఉక్కపోతలో లోపల చెమట పట్టి చర్మం చిట్లిపోయింది. సబ్బు, హ్యాండ్ రబ్ వెంటవెంటనే రెండూ అక్కర్లేదు. చేతులకు మురికి, రక్తం కనిపిస్తే సబ్బు నీళ్ళతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి. ఏమీ కనిపించకపోతే హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దితే చాలు. విరేచనాల పేషెంటుకు సేవ చేసినప్పుడు మాత్రం సబ్బు నీళ్ళే వాడాలి, ఎందుకంటే కొన్ని బ్యాక్టీరియా స్పోర్లను (గట్టి పెంకు లాంటి రూపంలో ఉండే క్రిములను) ఆల్కహాల్ చంపలేదు. చేతులు పూర్తిగా ఆరాకే గ్లవ్స్ వేసుకోవాలి. డ్యూటీ అయ్యాక రాసుకోవడానికి మాయిశ్చరైజర్ కూడా ఆసుపత్రే ఇవ్వాలి. దాన్ని విలాసంగా చూడకండి.

మూడో కారణం భయానికి సంబంధించినది. పేషెంటును ముట్టుకున్న తర్వాత అందరూ కడుక్కుంటారు, తమకు అంటుతుందేమోనని. ముట్టుకోబోయే ముందు, క్యాన్యులా (నరంలో పెట్టే సెలైన్ గొట్టం) పెట్టబోయే ముందు మరచిపోతారు. చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఐదు సందర్భాల్లో ఈ రెండూ పేషెంటును కాపాడేవి. అందుకే నేను ఐదూ ఒకేసారి చెప్పడం మానేశాను. మొదటి వారం "ముందు" మాత్రమే చెప్తాను.

ఒకే గ్లవ్స్‌తో వార్డంతా తిరుగుతున్నారు

కోవిడ్ రోజుల్లో మిగిలిపోయిన అలవాటు ఇది. గ్లవ్స్ ఉంటే చేయి శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటున్నారు. గ్లవ్స్ మీద శానిటైజర్ రాసుకుని పక్క మంచానికి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. ఒక చిన్న ప్రదర్శన దీనికి బాగా పనిచేస్తుంది. గ్లవ్స్ వేసిన చేతికి పోస్టర్ కలర్ రాసి, బీపీ చూడడం, సెలైన్ సరిచేయడం, ఫైలు రాయడం చేయించండి. రంగు ఎక్కడెక్కడ అంటిందో వాళ్ళే చూసుకుంటారు. అదే రంగుతో, కళ్ళు మూసుకుని చేతులు రుద్దిస్తే బొటనవేలు, వేళ్ళ కొనలు, గోళ్ళ చుట్టూ వదిలేస్తున్నారని కూడా తేలుతుంది.

సూదులు గుచ్చుకుంటున్నాయి, కానీ రిజిస్టరులో సున్నా

రిజిస్టరులో సున్నా ఉంటే నాకు టెన్షన్ ఎక్కువవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నర్సింగ్ హోమ్‌లో నాకూ సూది గుచ్చుకుంది. సీనియర్ సిస్టర్ తిడుతుందని ఎవరికీ చెప్పలేదు. ఆ పేషెంటుకు ఏముందో తెలియక మూడు నెలలు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత తెలిసింది, మొదటి గంటలో చెప్పి ఉంటే దానికి మందు ఉండేదని.

కాబట్టి శిక్షణలో అందరికీ నోటికి రావాల్సిన విషయం ఇది. గుచ్చుకున్న చోటును పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్, హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం) పోయకూడదు. పారే నీళ్ళలో సబ్బుతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందు మొదటి మోతాదు వీలైతే 2 గంటల్లో పడాలి. 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు వాడాలి. మీ చిన్న ఆసుపత్రిలో ఆ మందు లేకపోతే, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) కేంద్రం ఉన్న పెద్దాసుపత్రికి ఎవరు తీసుకెళ్ళాలో గోడ మీద రాసి పెట్టండి.

హెచ్‌ఐవీ పేరు చెప్పి భయపడతాం గానీ, ఆ రోగి రక్తమున్న సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివారికి రోగి రక్తాన్ని బట్టి 6 నుంచి 30 శాతం వరకు. టీకా ఉంది, 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయిస్తే పనిచేసిందో లేదో తెలుస్తుంది. సిస్టర్లకు వేయించి, కాంట్రాక్టు మీద పనిచేసే శానిటేషన్ వాళ్ళను వదిలేస్తున్నారు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. చెత్త కవరు భుజాన మోసేది వాళ్ళే, అందులో దాగిన సూది గుచ్చుకునేదీ వాళ్ళకే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఆ చెత్తను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, చేరినప్పుడూ తర్వాత ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత. కాంట్రాక్టరు పేరు చెప్పి తప్పించుకోకూడదు.

గుచ్చుకోవడానికి కారణం వెతికితే ఎక్కువగా దొరికేవి రెండు. నీడిల్ కట్టర్ ట్రీట్‌మెంట్ రూమ్‌లోనే ఉండడం వల్ల, అక్కడిదాకా మోయడానికి సిస్టర్ మూత పెడుతుంది. కట్టర్ ట్రాలీ మీదికి వస్తే మూత పెట్టే అవసరమే ఉండదు. ఇక సూదులు వేసే తెల్ల డబ్బా నిండిపోయినా మార్చకపోవడం. ముప్పావు నిండగానే మూసేయాలి. ఆ గీతను మార్కర్‌తో ముందే గీసి పెట్టండి.

ఎర్ర కవరులో అన్నం ప్యాకెట్లు, పసుపు కవరులో సెలైన్ సీసాలు

ఏ చెత్త ఏ రంగులో వేయాలో చెప్పే పోస్టరు ఇంగ్లీషులో ఉంది, చదవాల్సినవాళ్ళు తెలుగువాళ్ళు. బొమ్మల కంటే అసలు వస్తువులే మేలు. వాడని సెలైన్ సెట్, యూరిన్ బ్యాగ్, సూది తీసేసిన సిరంజి ఎర్ర బకెట్ పైన గోడకు అతికించండి. రక్తం అంటిన దూది, కట్టు గుడ్డలు పసుపు. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బా. గాజు మందు సీసాలు నీలం. పేషెంటు తాలూకు వాళ్ళకు మామూలు చెత్తబుట్ట దగ్గర్లో లేకపోతే కనిపించిన దాంట్లో వేస్తారు. వాళ్ళను తిట్టే ముందు ఆ బుట్ట పెట్టండి.

హైపో వాసన గుప్పుమంటోంది, కానీ పని చేయడం లేదు

వాసన వచ్చినంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. హైపో డబ్బా ఎండ పడే కిటికీలో ఉంటే క్లోరిన్ పోతూ ఉంటుంది. మన ఊరి ఎండకు ఇంకా త్వరగా. చీకటిగా, చల్లగా ఉండే చోట మూత బిగించి పెట్టాలి. కలిపిన ద్రావణం ఆ రోజుకే.

రక్తం ఒలికిన చోట 1 శాతం కావాలి. డబ్బా మీద 5 శాతం అని ఉంటే ఒక లీటరుకు నాలుగు లీటర్ల నీళ్ళు, 10 శాతం అని ఉంటే తొమ్మిది లీటర్లు. "ఒక మగ్గు పోస్తాం మేడమ్" అంటారు. ఏ డబ్బాకు ఏ మగ్గు? అందుకే బకెట్‌కు లోపల రెండు గీతలు గీయించండి, ఇక్కడిదాకా హైపో, అక్కడిదాకా నీళ్ళు అని. ఒలికిన రక్తాన్ని ముందు పాత గుడ్డతోనో కాగితంతోనో కప్పి, మీద హైపో పోసి 10 నిమిషాలు ఆగి తుడవాలి. నేరుగా మాప్ పెడితే రక్తం వార్డంతా పరుచుకుంటుంది.

బాత్రూమ్ యాసిడ్‌తో దీన్ని కలపనివ్వకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తుడిచే మనిషికి ఊపిరి ఆడదు.

టేపు రంగు మారింది, అయినా కుట్లకు చీము పడుతోంది

ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రం) టేపు మీద నల్ల గీతలు వస్తే ప్యాకుకు వేడి తగిలిందని మాత్రమే అర్థం. లోపలి పరికరం స్టెరైల్ (క్రిమిరహితం) అయిందని కాదు. ప్యాకు మధ్యలో ఒక ఇండికేటర్ స్ట్రిప్, కనీసం వారానికి ఒకసారి స్పోర్ టెస్ట్ (స్పోర్లు చచ్చాయో లేదో చూసే పరీక్ష) ఉండాలి. 121 డిగ్రీల దగ్గర, చుట్టిన ప్యాకులకు 30 నిమిషాలు ఉంచుతారు. ఆ సమయం వేడి ఎక్కిన తర్వాత లెక్కపెట్టాలి, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. డ్రమ్ములో గుడ్డలు కూరి కూరి పెడితే ఆవిరి లోపలికి పోదు. ఇంకో సంగతి, తుప్పుపట్టిన, రక్తం ఎండిన పరికరాన్ని ఎంత ఉడికించినా స్టెరైల్ కాదు. ముందు బ్రష్‌తో కడగాలి.

తడిగా బయటికొచ్చిన ప్యాకు స్టెరైల్ కానట్టే. ఇది చెబితే ఓటీ (ఆపరేషన్ థియేటర్) వాళ్ళు ఒప్పుకోరు, సర్జన్ ఆగడని. సముద్రం పక్కన ఉన్నాం, వానాకాలంలో గోడలే చెమ్మగిల్లుతాయి. స్టెరైల్ ప్యాకులు గోడకు ఆనకుండా, నేల నుంచి జానెడు ఎత్తున, ఏసీ నీళ్ళు కారని చోట పెట్టాలి.

కాథెటర్ (మూత్రం గొట్టం) ఉన్నవాళ్ళకు వరసగా జ్వరాలు

ఎక్స్‌రేకు తీసుకెళ్ళే స్ట్రెచర్ చూడండి. వార్డు బాయ్ యూరిన్ బ్యాగ్‌ను పేషెంటు పొట్ట మీద పెడతాడు. బ్యాగ్‌లోని మూత్రం వెనక్కి పోతుంది. బయలుదేరే ముందు ఖాళీ చేయాలి, బ్యాగ్ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు. కాథెటర్ ఇంకా అవసరమా అని డాక్టర్‌ను రోజూ రౌండ్స్‌లో అడగండి. శిక్షణకు వార్డు బాయ్‌లను పిలవని ఆసుపత్రుల్లో ఈ సమస్య ఎక్కువ చూశాను.

రాత్రి డ్యూటీ వాళ్ళకు ఏమీ తెలియదు

క్లాసు మధ్యాహ్నం మూడింటికి పెట్టారు కాబట్టి. డ్యూటీ మారేటప్పుడు మంచం పక్కనే పది నిమిషాలు, ఒకరోజు ఒకే పని. చెప్పి వదిలేయకుండా వాళ్ళ చేత చేయించి చూడండి. రిజిస్టరులో సంతకం పక్కన "చేసి చూపించారు" అని ఒక గడి కలపండి.

నీళ్ళు రావడం లేదు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు, నీళ్ళు లేవు. అలాంటప్పుడు కొందరు చేసే పని, బేసిన్‌లో డెట్టాల్ నీళ్ళు పోసి వార్డంతా అందులోనే చేతులు ముంచడం. మొదటి చేతి క్రిములు పదో చేతికి చేరతాయి. దాని బదులు కుళాయి ఉన్న డ్రమ్ము, కింద ఖాళీ బకెట్, పక్కన సబ్బు, ఒకసారి వాడి పారేసే టిష్యూ. హ్యాండ్ రబ్‌కు నీళ్ళు అక్కర్లేదు, కాబట్టి అక్టోబర్, నవంబర్ తుపాన్లకు ముందే దాని స్టాకు పెంచుకోండి. ఆ డ్రమ్ములు ఎక్కడున్నాయో, తాళం ఎవరి దగ్గరుందో రాత్రి సిస్టర్‌కు తెలిసి ఉండాలి.