పాత హాస్యచిత్రానికి వచ్చిన సమీక్షలను చదవడం ఎలా?

ఆడని హాస్యచిత్రాన్ని విమర్శకులు ఎలా చూశారో రాయదలచినవారు ముందుగా వసూళ్ల లెక్కను, సమీక్షల తీర్పును విడదీయాలి. 1978లో విడుదలైన ‘ఐ వాన్నా హోల్డ్ యువర్ హ్యాండ్’ ఇందుకు తగిన ఉదాహరణ. 1964 ఫిబ్రవరిలో ఎడ్ సల్లివన్ టీవీ కార్యక్రమం కోసం న్యూయార్క్ వచ్చిన బ్రిటిష్ రాక్ సంగీత బృందం బీటిల్స్‌ను ఎలాగైనా చూడాలని న్యూజెర్సీ నుంచి బయలుదేరిన టీనేజీ అభిమానుల హడావిడే దీని కథ. దర్శకుడిగా రాబర్ట్ జెమెకిస్‌కు ఇది తొలి చిత్రం. దాదాపు 28 లక్షల డాలర్లతో తీసిన ఈ సినిమా పెట్టుబడిని రాబట్టలేకపోయింది. అయినా ప్రివ్యూలో ప్రేక్షకులు ఉర్రూతలూగిపోయారని జెమెకిస్ తరువాత చెప్పుకున్నారు కాబట్టి, జనం థియేటరుకు రాకపోవడాన్ని జనానికి నచ్చకపోవడంగా రాసేయకూడదు.

తరువాత సినిమాను మీరే చూసి, సమీక్షకుడు మెచ్చిన లేదా విసుక్కున్న ఘట్టాన్ని పరిశీలించాలి. అసలు పని ఇక్కడే ఉంది. బీటిల్స్ అంటే ఏమంత పట్టని పామ్ (నాన్సీ ఆలెన్) అనుకోకుండా వారి హోటల్ గదిలోకి చేరి, ఎవరూ లేని సమయంలో గిటారును తడుముతూ మైమరచిపోతుంది. వారు తిరిగి రాగానే మంచం కింద దాక్కుంటుంది. ముఖాలు చూపకుండా, కాళ్లు, మాటలతోనే బీటిల్స్ ఉన్నారనిపించిన ఆ నేర్పును గమనించకుండా ‘అంతా అరుపులు, గోల’ అని తేల్చే సమీక్షకు తక్కువ విలువ ఇవ్వవచ్చు. అయితే ఆ గోల అబద్ధమూ కాదు. నా మటుకు నాకు కొన్నిచోట్ల అది శ్రుతి మించిందనే అనిపిస్తుంది.

ఉటంకించే ప్రతి అభిప్రాయం పక్కన అది వెలువడిన సంవత్సరం తప్పక రాయాలి. 1985లో ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ ఘనవిజయం సాధించాక జెమెకిస్ తొలి చిత్రాన్ని చూసేవారి కళ్లు మారాయి. ఆనాటి కొత్త దర్శకుడి తొందరపాటు ఇప్పుడు రాబోయే ప్రతిభకు ఆనవాలుగా కనిపిస్తుంది. కొత్త, పాత సమీక్షలను కలగలిపి, ఎంతమంది మెచ్చారో లెక్కగట్టే వెబ్‌సైట్ల శాతాలు ఈ తేడాను మరుగుపరుస్తాయి. 2019లో, పేరున్న సినిమాలను డిస్కులుగా విడుదల చేసే క్రైటీరియన్ సంస్థ దీనిని బ్లూ-రేగా తెచ్చినప్పుడు వచ్చిన ప్రశంసలను కూడా విడిగానే ఉంచాలి, ఎందుకంటే అలాంటి డిస్కులపై రాసేవారిలో ఎక్కువమంది పాత సినిమాలపై ముందే మక్కువ ఉన్నవారు.