వృక్ష కణం, జంతు కణం: బట్టీ కొట్టకుండా నేర్చుకోవడం ఎలా

కణం పాఠం అనగానే చాలామంది చేసే పని ఒకటే, రెండు బొమ్మలు గీసి, పేర్లు రాసి, తేడాల పట్టిక బట్టీ కొట్టేస్తారు. పరీక్ష అయిన వారానికి లైసోజోమ్ ఏంటో రైబోజోమ్ ఏంటో కలిసిపోతాయి. దానికంటే ముందు కణాన్ని కళ్లతో చూడండి, చూసినవాటికి పని ఏంటో అడగండి, కనిపించనివాటిని ఆ తర్వాత పట్టుకోండి. ఈ వరుసలో వెళ్తే బట్టీ అవసరమే రాదు.

మొదట ఉల్లిపాయ. లోపలి మందపాటి రేకు ఒకటి తీసుకుని విరిస్తే, గుంటగా ఉండే లోపలివైపు నుంచి పల్చటి పారదర్శకమైన పొర ఊడొస్తుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో లాగి వెంటనే నీళ్లలో వెయ్యండి, లేకపోతే ఎండి చుట్టుకుపోతుంది. చిన్న ముక్క కత్తిరించి, స్లైడ్ మీద నీటి చుక్కలో మడతలు లేకుండా పరిచి, ఒక చుక్క అయోడిన్ వేసి, కవర్ స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి సూదితో మెల్లగా దించండి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు ఇరుక్కుంటాయి, నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేవి అవే, వాటినే కణాలనుకుని బొమ్మ గీసేసేవాళ్లు చాలామందే ఉంటారు. ఎప్పుడైనా తక్కువ పవర్ లెన్స్‌తోనే మొదలెట్టండి, కణాలు దొరికాక పవర్ పెంచండి.

ఇటుకలు పేర్చినట్టు వరసగా పొడుగాటి గదులు కనిపిస్తాయి. ఆ గీతలు కణకవచాలు, సెల్యులోజ్‌తో చేసినవి. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది ఇలాంటి గోడల్నే, లోపలున్నదంతా అప్పటికే చచ్చిపోయింది కాబట్టి ఆయనకి ఖాళీ గదులే కనిపించాయి. మీ స్లైడ్‌లో మాత్రం ప్రతి గదిలో పసుపు గోధుమ రంగులో ఒక చుక్క ఉంటుంది, అది కేంద్రకం. అది మధ్యలో లేదు చూడండి, చాలా కణాల్లో గోడ పక్కకి ఒదిగి ఉంటుంది. ఎందుకంటే మధ్యలో చోటంతా ఒక పెద్ద రిక్తిక, అంటే ద్రవం నిండిన సంచి, ఆక్రమించేసింది, అది కేంద్రకాన్ని, కణద్రవ్యాన్ని అంచులకి నెట్టేసింది. ఎదిగిన మొక్క కణంలో 80 నుంచి 90 శాతం దాకా రిక్తికే ఉండొచ్చు. అంటే రిక్తికని నేరుగా చూడలేకపోయినా కేంద్రకం ఉన్న చోటుని బట్టి అది ఉందని చెప్పొచ్చు.

ఇప్పుడు అసలైన ప్రయోగం, నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చేది ఇదే. ఎర్ర ఉల్లిపాయ రేకు బయటివైపు ఊదారంగు పొర తీసుకోండి, అయోడిన్ వద్దు, ఆ రంగు రిక్తికలోదే. కవర్ స్లిప్ ఒక పక్కన చిక్కటి ఉప్పు నీళ్ల చుక్క వేసి, రెండో పక్కన ఫిల్టర్ పేపర్ ఆనించి లాగండి. కాసేపట్లో ఊదారంగు భాగం గోడల నుంచి విడిపోయి లోపలికి ముడుచుకుంటుంది, గోడలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. బయటి గోడ అయిన కణకవచం, దాని లోపల కణద్రవ్యాన్ని చుట్టి ఉండే పల్చటి పొర కణత్వచం, రెండూ వేరని ఇంతకంటే బాగా ఏ బొమ్మా చూపించలేదు. కవచం ఉప్పునీ నీళ్లనీ రెండింటినీ పోనిచ్చింది, త్వచం మాత్రం నీళ్లని బయటికి పంపి ఉప్పుని చాలావరకు ఆపేసింది, అందుకే ఆ ఖాళీలో ఇప్పుడున్నది ఉప్పు నీళ్లు. మరీ ఆలస్యం చెయ్యకుండా మామూలు నీళ్లు లాగితే కణం మళ్లీ నిండుతుంది. నీళ్లతో ఉబ్బిన రిక్తిక కవచాన్ని లోపల్నుంచి నెడుతుంటేనే లేత మొక్క నిటారుగా నిలబడుతుంది, నీళ్లు తగ్గితే వాడిపోయేది ఇందుకే.

జంతు కణానికి ఆ కవచం లేదు. ఎర్ర రక్తకణాన్ని మంచి నీళ్లలో వేస్తే నీళ్లు లోపలికి వెళ్లి ఉబ్బి పగిలిపోతుంది, ఆపడానికి బయట గోడ లేదు కదా. సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉండాల్సింది అందుకే.

జంతు కణం చూడాలంటే బుగ్గ లోపలివైపు మొద్దుగా ఉన్న టూత్‌పిక్‌తో మెల్లగా రాసి, స్లైడ్ మీద పూసి, మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు చుక్క వెయ్యండి. ఎవరి టూత్‌పిక్ వాళ్లదే, వాడాక పారేయాలి, స్లైడ్‌ని క్రిమిసంహారకంలో వెయ్యాలి. ఒక ఆకారం అంటూ లేని పల్చటి కణాలు, ఇంచుమించు మధ్యలో నీలం కేంద్రకం, అంతే.

ఇంక కనిపించనివి. మామూలు మైక్రోస్కోప్ 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపించలేదు, రైబోజోమ్ సైజు 20 నుంచి 30 నానోమీటర్లే, కాబట్టి స్లైడ్‌లో ఎంత వెతికినా దొరకదు. వీటిని పేరు పేరునా నేర్చుకోకుండా ఒక ప్రోటీన్ వెంట నడవండి. క్లోమంలో ఇన్సులిన్ తయారయ్యే కణం తీసుకోండి: కేంద్రకంలో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ నకలు తయారై రంధ్రాల గుండా బయటికొస్తుంది, గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం (కణం లోపల పరుచుకున్న పొరల వల) మీదున్న రైబోజోములు దాన్ని చదివి ప్రోటీన్ గొలుసు అల్లుతాయి, అది ఆ జాలంలో మడతపడి, ప్రోటీన్లని సర్ది పంపే గాల్జీ అనే భాగానికి వెళ్తుంది, అక్కడ సంచుల్లోకి చేరుతుంది, ఆ సంచి కణత్వచంతో కలిసినప్పుడు ఇన్సులిన్ బయటపడుతుంది. ఒక్క దారిలో ఇన్ని కణాంగాలు అయిపోయాయి, వరుస కూడా గుర్తుంటుంది. పాడైన భాగాల్ని, బయట్నుంచి మింగినవాటిని అరిగించే ఎంజైముల సంచి లైసోజోమ్. ఈ పనులకి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం మైటోకాండ్రియా నుంచి ఏటీపీ (కణం శక్తిగా వాడుకునే పదార్థం) రూపంలో వస్తుంది.

ఇక్కడ ఒక అపోహ తీసెయ్యాలి: మొక్కకి హరితరేణువు, జంతువుకి మైటోకాండ్రియా అని చాలామంది రాసేస్తారు, అది తప్పు. మొక్క కణంలో కూడా మైటోకాండ్రియా ఉంటాయి. హరితరేణువు వెలుతురులో చక్కెర తయారుచేస్తుంది, ఆ చక్కెర నుంచి శక్తి తీసే పని మైటోకాండ్రియా పగలూ రాత్రీ చేస్తూనే ఉంటాయి. హరితరేణువులు చూడాలంటే ఉల్లిపాయ పనికిరాదు, మనం తీసిన రేకు వెలుతురు తగలని భాగం. హైడ్రిల్లా అనే నీటి మొక్క లేత ఆకు పెట్టండి, పచ్చటి గింజల్లాంటివి కనిపిస్తాయి, లైటు కింద కాసేపు ఉంచితే అవి కణద్రవ్యంతో పాటు అంచుల వెంట కదులుతుండటం కూడా చూడొచ్చు.

చివరగా, తెలియని స్లైడ్ ఇచ్చి ఏ కణమో చెప్పమంటే ముందు గోడ ఉందా లేదా చూడండి. లేకపోతే జంతు కణం అయ్యే అవకాశం ఎక్కువ. ఉంటే వెంటనే మొక్క అని రాసెయ్యకండి, శిలీంధ్రాలకీ గోడ ఉంటుంది, వాటిది కైటిన్. హరితరేణువులు ఉంటే శిలీంధ్రం కాదని తేలిపోయినట్టే, లేకపోయినా ఉల్లిపాయలాగా మొక్కే కావచ్చు, అప్పుడు కేంద్రకం పక్కకి నెట్టి ఉందో లేదో, గదులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయో విడివిడి దారాల్లా పాకాయో చూసి తేల్చండి.