కుర్రవయసులో నాటక సమాజంలో చేరదలచినవారికి

నటన మీద మనసున్న పదిహేను, పదహారేళ్ల పిల్లలు ముందుగా చేయవలసింది కెమెరా నటన నేర్పే సంస్థకు రుసుము కట్టడం కాదు, దగ్గరలోని నాటక సమాజం ఏ వేళకు రిహార్సల్ చేస్తుందో కనుక్కొని అక్కడికి వెళ్లి కూర్చోవడం. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన తరువాత బలపడిన పరిషత్తు పోటీల (నాటక సమాజాలు ఒకదానితో ఒకటి పోటీపడి ప్రదర్శనలిచ్చే) సంప్రదాయం నేటికీ సాగుతున్నది. పోటీలకు నాటికలు ఆడేవారిలో చాలామంది పగలు ఉద్యోగం చేసి సాయంత్రం సాధన చేసేవారే కనుక, చదువు మానకుండానే వారితో చేరవచ్చు. తరతరాలుగా నాటకమే వృత్తిగా బతికే సురభి కుటుంబాల పిల్లలు మాటలు రాకముందే రంగస్థలం ఎక్కుతారని విని, తమకు ఆలస్యమైందని బెంగపడనక్కరలేదు.

చేరగానే వేషం దొరకకపోవచ్చు. ప్రాంప్టింగ్ చెప్పమంటే, అంటే తెర చాటునుండి నటులకు మాటలు అందించమంటే, సంతోషంగా ఒప్పుకోవాలి. అన్ని పాత్రల మాటలూ కంఠస్థం కావడానికీ, అనుభవజ్ఞులు ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటున్నారో గమనించడానికీ అంతకన్న మంచి చోటు లేదు.

ఎక్కువ కాలం పట్టేది వాచికం, అంటే మాట పలికే తీరు. సంభాషణను మొదట ఏ భావమూ పులమకుండా, అర్థం తెలిసేదాకా నింపాదిగా చదివి, ఊపిరి తీసుకోవలసిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. శ, ష, సల తేడానూ ఒత్తులనూ సరిచూసుకోవాలి. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది కాబట్టి ఆఖరి మాట మింగేస్తే, మనిషి వచ్చాడో రాలేదో ప్రేక్షకుడికి తెలియదు; కొత్తవారిలో తరచుగా కనిపించే లోపం ఇదే. మిత్రుణ్ని హాలు చివర కూర్చోబెట్టి, విన్న మాటను తిరిగి చెప్పించుకుంటే గొంతు ఎంతవరకు చేరుతున్నదో తెలుస్తుంది. వినబడకపోతే అరవకూడదు, వేగం తగ్గించి అక్షరాలు విప్పి పలకాలి. గొంతు మారే వయసు అబ్బాయిలు హెచ్చు స్థాయికి బలవంతంగా పోరాదు, నొప్పి తోచగానే ఆపాలి.

ఎదుటి పాత్ర మాట్లాడుతుండగా తన వంతు కోసం కాచుకున్నట్లు నిలబడక, నిజంగా వినాలి.

ఏ వేషమిచ్చినా కాదనకూడదు. అక్కినేని నాగేశ్వరరావు తొలినాళ్లలో నాటకాల్లో ఎక్కువగా ఆడవేషాలే వేశారు. విజయవాడ కళాశాలలో ఆడవేషం వేసిన ఎన్.టి.రామారావుకు, మీసం తీయనందువల్ల, ‘మీసాల నాగమ్మ’ అన్న పేరు వచ్చింది. (మీసం విషయంలో మాత్రం ఆయనను అనుసరించవద్దు.)

ప్రదర్శన నాడు మేకప్‌కు ముందే వేదిక మీద నడిచి, వెలుగు ముఖం మీద ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. మేకప్ తుడుచుకోగానే ఇంటికి బయలుదేరక తరువాతి సమాజం నాటిక కూడా చూసి, ఏ మాటలు వినబడలేదో, ఎందుకు వినబడలేదో రాసిపెట్టుకుంటే మరుసటి రిహార్సల్‌లో పనికివస్తుంది.