థ్రాటిల్ రాడ్ బిగింపు: అసలు పనంతా ఐడిల్ దగ్గరే

రేడియోతో ఎగరేసే మోడల్ విమానంలో, తోక రెక్కని కదిపే ఎలివేటర్ రాడ్ మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా థ్రాటిల్ రాడ్ మీద పెట్టరు చాలామంది. సర్వో అనే చిన్న మోటారుని ఇంజిన్ కార్బురేటర్‌కి కలిపేది ఈ రాడే. ఫుల్ థ్రాటిల్ ఎలా బిగించినా వచ్చేస్తుంది. తేడా బయటపడేది కింద, ఐడిల్‌లో, అంటే ఇంజిన్ అతి నెమ్మదిగా తిరిగేటప్పుడు. అక్కడ కార్బురేటర్ నోరు తెరుచుకుని ఉండేది దాదాపు ఒక్క మిల్లీమీటరే. రాడ్ అందులో సగం జరిగినా చాలు: ల్యాండింగ్‌కి వస్తుండగా ఇంజిన్ ఆగిపోతుంది, లేదా స్టిక్ పూర్తిగా కిందికి లాగినా విమానం దిగనని మొండికేస్తుంది. కింది కొలతలు 40, 46 సైజు (0.40, 0.46 ఘనపు అంగుళాల) గ్లో ఇంజిన్ ఉన్న ట్రైనర్లకి, అంటే నేర్చుకునేవాళ్ల విమానాలకి.

ముందు రాడ్ సంగతి. నైలాన్ గొట్టంలో నైలాన్ రాడ్ తేలిక, చవక. కానీ విశాఖ ఎండకి అది సాగుతుంది. 30 సెం.మీ. నైలాన్ రాడ్ 15 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.4 మి.మీ. పొడవు పెరుగుతుంది. రాడ్ నెట్టితే కార్బురేటర్ తెరుచుకునే అమరికైతే మధ్యాహ్నానికి ఐడిల్ పెరుగుతుంది. లాగితే తెరుచుకునేదైతే ఇంజిన్ ఆగిపోతుంది. పొద్దున్నే చక్కగా కుదిరిన ఐడిల్ పదకొండు గంటలకి చెడిపోయిందంటే ఇంధనం పాలు మార్చే నీడిల్ తిప్పకముందు ఈ రాడ్‌ని అనుమానించండి. అదే పొడవు ఉక్కు తీగ సాగేది సుమారు 0.05 మి.మీ. మాత్రమే. అందుకే నైలాన్ గొట్టంలో అల్లిన స్టీల్ కేబుల్ మేలు. దారి తిన్నగా ఉంటే సైకిల్ స్పోక్ కూడా పనికొస్తుంది. 14 గేజ్ స్పోక్ మర చాలావరకు 2-56 మర సైజు క్లెవిస్‌కి (రాడ్ చివర ఆర్మ్‌కి తగిలించే క్లిప్పుకి) సరిపోతుంది. పూర్ణా మార్కెట్‌కి వెళ్లేటప్పుడు క్లెవిస్ జేబులో వేసుకెళ్లి, ఎక్కించి చూశాకే కొనండి.

గొట్టం కార్బురేటర్ ఆర్మ్‌కి సూటిగా వచ్చేలా ఫైర్‌వాల్‌లో (ఇంజిన్ వెనక ఉండే చెక్క పలకలో) బెజ్జం వేయండి. గొట్టాన్ని గరుకు కాగితంతో బాగా రుద్దాకే ఎపాక్సీ పెట్టాలి, నున్నటి నైలాన్‌కి ఏ జిగురూ అంటదు. ఇంధనం లోపలికి కారితే బాల్సా మెత్తబడిపోతుంది కాబట్టి బెజ్జం చుట్టూ సందు మిగల్చకండి. గొట్టాన్ని రెండు చివర్లా, మధ్యలో 10-12 సెం.మీ.కి ఒకచోటా కట్టేయాలి. రాడ్ కలిపాక చేసే ఒక పరీక్ష ఉంది: కార్బురేటర్ ఆర్మ్‌ని వేలితో పట్టుకుని, ఇంకొకరిని స్టిక్ కాస్త కదపమనండి. మధ్యలో గొట్టం విల్లులా వంగిందా, అక్కడ ఇంకో కట్టు పడాలి.

ఇక కలపడం. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఆన్ చేసి థ్రాటిల్ స్టిక్‌నీ, దాన్ని కాస్త సర్దే ట్రిమ్‌నీ మధ్యలో పెట్టండి. సర్వో ఆర్మ్ రాడ్‌కి లంబంగా ఉండేలా ఎక్కించండి. కార్బురేటర్ నోట్లోకి చూస్తూ అందులో తిరుగుతూ గాలి దారిని తెరిచి మూసే బ్యారెల్‌ని సగానికి తిప్పి ఉంచండి. కార్బురేటర్ వైపు నైలాన్ క్లెవిస్, దాని మీద చిన్న ముక్క ఇంధన ట్యూబు తొడుగు. సర్వో వైపు స్క్రూతో బిగించే కనెక్టర్ పెట్టి, ఇప్పుడే బిగించండి. ఆ స్క్రూకి ఒక చుక్క త్రెడ్‌లాకర్ వేయాలి. ఈ కనెక్టర్ థ్రాటిల్‌కే; ఎలివేటర్‌కి వాడొద్దు.

స్టిక్ పైకి తోస్తే బ్యారెల్ పూర్తిగా తెరుచుకోవాలి, సర్వో గుర్రుమనకూడదు. గుర్రుమంటే ఆగాల్సిన చోటు దాటి ఇంకా నెడుతోందన్నమాట. బ్యాటరీ తినేస్తుంది, సర్వో గేర్ల పళ్లూ పోతాయి. చాలామంది వెంటనే ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్ (సర్వో ఎంతవరకు కదలాలో చెప్పే హద్దు) 60 శాతానికి తగ్గించేస్తారు. అలా చేస్తే స్టిక్ కదలికలో సర్వో సున్నితత్వం పోతుంది. ముందు బెజ్జం మార్చండి. సర్వో ఆర్మ్ మీద 10 మి.మీ. బెజ్జంలో, 90 డిగ్రీల కదలికకి రాడ్ 14 మి.మీ. నడుస్తుంది. కార్బురేటర్ ఆర్మ్ కూడా 10 మి.మీ. ఉండి, బ్యారెల్‌కి 70 డిగ్రీలే చాలనుకుంటే కావాల్సింది 11.5 మి.మీ., అంటే సర్వో మీద 8 మి.మీ. బెజ్జం. ఆ తర్వాత మిగిలే కాస్త తేడాకే ఎండ్ పాయింట్.

కింద: స్టిక్ దించి ట్రిమ్ మధ్యలో ఉన్నప్పుడు 1 మి.మీ. సందు, ట్రిమ్ కూడా పూర్తిగా దించితే నోరు మూసుకుపోవాలి. ఇంజిన్ ఆపడానికి అదే దారి. అడ్డొస్తే ఐడిల్ స్టాప్ స్క్రూ వెనక్కి తిప్పండి, కానీ మొత్తం ఊడదీయకండి. కొన్ని కార్బురేటర్లలో బ్యారెల్‌ని పట్టి ఉంచేది ఆ స్క్రూయే.

మన ఉప్పుగాలికి ముందు పోయేది కేబుల్ చివర సోల్డరింగ్. యాసిడ్ ఫ్లక్స్ వాడితే వెంటనే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక ఒక చుక్క నూనె రాయండి. లేకపోతే తుప్పు గొట్టంలోకి పాకి రాడ్ బిగుసుకుంటుంది, సర్వో ఖాతాలో పడుతుంది నింద.

స్పార్క్ ప్లగ్ ఉన్న పెట్రోల్ ఇంజిన్‌కి మాత్రం కేబుల్ వద్దు, ఇగ్నిషన్ రొద లోహం వెంట రిసీవర్ దాకా వచ్చేస్తుంది. అక్కడ నైలాన్ రాడే పెట్టి, ఎండకి ఐడిల్ చూసుకుంటూ ఉండాలి.

నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా విశాఖలోనే ఉంది కాబట్టి ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డీజీసీఏ వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో చూశాకే బయల్దేరండి. చివరిగా ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే ఇంజిన్ తగ్గించే ఏర్పాటు: ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే స్టిక్ సగం పైకి తోసి ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. బ్యారెల్ దానంతటదే ఐడిల్‌కి రావాలి. ఉన్నచోటే ఉండిపోతే, చాలా రేడియోల్లో థ్రాటిల్ స్టిక్ కిందికి దించి ఉంచి రిసీవర్‌ని మళ్లీ బైండ్ చేయాలి (ట్రాన్స్‌మిటర్‌తో జత కలపాలి); ఆపైన ఇంకోసారి చూడండి.