పిల్లలకు మత్తు ఇప్పించే ముందు: జలుబును దాచకండి

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలు పిల్లల టాన్సిల్స్, హెర్నియా వంటి ఆపరేషన్లను చదువు పాడవకుండా ఈ సెలవులకే పెట్టుకుని, కొందరు బరంపురానికీ మరికొందరు శ్రీకాకుళం, విశాఖపట్నాలకూ ప్రయాణమవుతారు. ఇటీవల ఈ సరిహద్దు ప్రాంతంలోనే టాన్సిల్స్ తీయించడానికి తీసుకువెళ్ళిన ఒక చిన్నపిల్లకు మత్తు ఇచ్చిన కాసేపటికే ఆక్సిజన్ పడిపోయి, వెంటిలేటర్ మీద ఉంచవలసి వచ్చింది. పాప బతికింది. ఆమెకు కొన్ని రోజులుగా జలుబు, కఫంతో కూడిన దగ్గు ఉన్న సంగతి మాత్రం ఆ తర్వాతగానీ బయటపడలేదు. నగలు తీయడం, పాత చీటీలు తెచ్చుకోవడం, సంతకాలు చేయడం వంటివి ఏ ఆస్పత్రిలోనైనా చెబుతారు కనుక వాటిని వదిలేస్తాను. మత్తు వైద్యంలో ఉన్నందువల్ల నేను పదేపదే చూసిన తప్పు ఒకటే: తారీఖు పోతుందని పిల్లల జలుబును దాచడం.

పిల్లల శరీరం బరువును బట్టి చూస్తే పెద్దవారికి దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది, కాని ఊపిరితిత్తుల్లో నిలవ ఉండేది తక్కువ. మత్తు ఇచ్చే ముందు నిండుగా ఆక్సిజన్ పీల్పించిన తర్వాత ఊపిరి ఆగితే, ఆరోగ్యవంతుడైన పెద్దవాడిలో రక్తంలోని ఆక్సిజన్ శాతం ప్రమాదకరంగా తగ్గడానికి ఆరేడు నిమిషాలు పట్టవచ్చు. 6 నెలల లోపు శిశువులో అది సుమారు ఒకటిన్నర నిమిషంలోనే జరిగిపోతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు చిన్నపిల్లల గుండె వేగం కూడా త్వరగా పడిపోతుంది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఈ మార్పును జరిగిన క్షణంలోనే చూపదు, కొంత ఆలస్యంగా చూపుతుంది. అంటే అంకె తగ్గడం కనిపించేసరికే మా చేతిలో ఉన్న సమయంలో కొంత కరిగిపోయి ఉంటుంది.

ఇక జలుబు సంగతి. వైరస్ సోకిన శ్వాసనాళాలు పైకి నయమైనట్లు కనిపించినా కొన్ని వారాలపాటు చీకాకుగానే ఉంటాయి. మత్తులోకి జారుతున్నప్పుడో, మత్తు వదులుతున్నప్పుడో ఒక్క కఫపు చుక్క తగిలినా స్వరతంత్రులు బిగుసుకుని గాలి దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. ఆ స్థితిలో మాస్కుతో ఎంత ఆక్సిజన్ పంపినా లోపలికి పోదు, బిగువు విడిపించే మందులు అప్పటికప్పుడు ఇవ్వాలి. ఇంట్లో పొగతాగేవారుంటే పిల్లలకు ఈ ముప్పు పెరుగుతుంది. మామ్మ అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) పెరట్లోనే తాగుతుందిలే అని ఊరుకోకుండా దాన్ని కూడా డాక్టరుకు చెప్పాలి.

జలుబు ఉన్న ప్రతి పిల్లకూ ఆపరేషన్ ఆపరు. హుషారుగా ఆడుకుంటూ, జ్వరం లేకుండా, ముక్కు నుంచి నీరు మాత్రమే కారుతుంటే మత్తు డాక్టరు పరీక్షించి ముందుకు వెళ్ళవచ్చు. జ్వరం, పచ్చని చీమిడి, కఫంతో దగ్గు, పిల్లికూతలు ఉంటే, అత్యవసరం కాని ఆపరేషన్‌ను కనీసం రెండు వారాలైనా వాయిదా వేయడం ఉత్తమం. అత్యవసరమైతే జలుబుతోనే చేయక తప్పదు, కాని అప్పుడు మేము తగిన మందులు ముందే సిరంజిలో ఎక్కించి, అనుభవం ఉన్న మరొకరిని పక్కన నిలబెట్టుకుంటాము. తెలిసిన జలుబుకు సిద్ధపడవచ్చు, దాచిన జలుబుకు సిద్ధపడే దారి లేదు. ఆరోగ్య పథకం కార్డు మీద అనుమతి వచ్చిందనీ, తండ్రి సెలవు మళ్ళీ దొరకదనీ, ఛార్జీలు దండగనీ అనిపించడం నాకు తెలియనిది కాదు. అయినా థియేటర్ బయట ముక్కు తుడిచి, పొద్దున్నే జలుబు సిరప్ పట్టించి తీసుకురావడం మమ్మల్ని మోసగించడం కాదు, బిడ్డను ప్రమాదంలోకి నెట్టడం.

భాష అడ్డు అనుకోకండి. అడిగేవారికి ఒడియా మాత్రమే వస్తే, తెలుగు వచ్చిన నర్సునో ఆయానో పిలిపించుకుని అయినా జలుబు ఎన్నాళ్ళ నుంచి ఉందో చెప్పండి. అర్థం కాకపోయినా తల ఊపవద్దు.

కడుపు ఖాళీగా ఉంచడం కూడా ఊపిరి కోసమే, ఎందుకంటే మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అన్నం, ఆవుపాలు, గేదెపాలు, డబ్బాపాలు అయితే 6 గంటలు, తల్లిపాలు అయితే 4 గంటలు, మంచినీళ్ళు అయితే 2 గంటలు ఆగాలి. చోడంబలి, గంజి, చద్దన్నపు నీళ్ళు మంచినీళ్ళ లెక్కలోకి రావు. పరగడుపునే ఉందని చెప్పే పిల్లల్లో చాలామందికి బస్సులో బిస్కట్టు అందే ఉంటుంది. పిల్ల ఏడ్చిందని పెట్టిన ఆ బిస్కట్టును కూడా చెప్పాలి.

ఈ జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. ఆక్సిజన్ తగ్గితే ఆ ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలను అడ్డుకుంటాయి కనుక మత్తుకు ముందే ఈ విషయం తెలియాలి. కేంద్రం 2023లో ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కార్డు చూపండి, లేకపోతే పరీక్ష అడగండి.

మిగిలినవి వరుసగా చెబుతాను.

– మత్తు డాక్టరు ఎవరో ముందే కలిసి మాట్లాడండి. ఆపరేషన్ చేసే డాక్టరే మత్తు కూడా చూసుకుంటారంటే ఒప్పుకోకండి.
– పల్స్ ఆక్సీమీటర్, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును చూపే యంత్రం, పిల్లల కొలత మాస్కులు, అదనపు ఆక్సిజన్ సిలిండరు ఉన్నాయా అని అడగండి. అడిగితే విసుక్కునే చోటికి పిల్లను తీసుకువెళ్ళకండి.
– గోళ్ళ రంగు తుడిచేయండి. ఆక్సీమీటర్ తప్పు చూపవచ్చు.
– ఊగే పాలపన్ను ఉంటే చెప్పండి. అది ఊడి గాలి దారిలో పడవచ్చు.
– నెలలు నిండకుండా పుట్టిన శిశువైతే తప్పక చెప్పండి. మత్తు వదిలిన కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరి ఆగవచ్చు. అదే రోజు ఇంటికి పంపమని పట్టుబట్టకండి.
– నిద్రలో గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి బిగబట్టే పిల్ల అయితే చెప్పండి.
– జలుబు ఉంటే చెప్పండి. తగ్గిపోయినా చెప్పండి. ఇంట్లో మరొకరికి ఉన్నా చెప్పండి.
– ఆపరేషన్ అయ్యాక పిల్ల ఏడుస్తోందని ఆక్సిజన్ మాస్కు మీరే తీసేయకండి.
– పూర్తిగా మెలకువ రాని పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టి గడ్డం ఛాతీ మీదికి వాలనివ్వకండి. పక్కకు పడుకోబెట్టి ఉంచండి.
– పెదవులు నీలంగా మారినా, ఊపిరికి పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా నర్సు వచ్చేదాకా ఎదురుచూడకండి, గట్టిగా అరిచి పిలవండి.
– ఇంట్లో మిగిలిన కోడీన్ దగ్గు మందును 12 ఏళ్ళ లోపు పిల్లలకు పట్టించకండి. అది ఊపిరిని మందగింపజేస్తుంది. టాన్సిల్స్ తీసిన పిల్లలకైతే 18 ఏళ్ళ వరకూ వద్దు.